నేను కాపాడిన నీలం పూలు

ఆగస్టు 3

ఈ రోజు నుంచి నేను జెండా మనిషిని. ఇరవై ఏళ్ళకు పైగా ఈ కొండ దారి మీద బస్సు నడిపినవాణ్ణి, ఇప్పుడు రోడ్డు పక్కన రేకుల గుడిసెలో ఒక చేత్తో ఎర్ర గుడ్డ, ఒక చేత్తో పచ్చ గుడ్డ పట్టుకుని కూర్చున్నాను. డిపో మేనేజరు దీన్ని "తేలిక పని" అన్నాడు. తేలికే, నా పరువంత తేలిక.

వానలకు పెద్ద మలుపు దగ్గర సగం రోడ్డు లోయలోకి జారిపోయింది. మిగిలిన సగం మీద ఒకసారికి ఒకవైపు బళ్ళే పడతాయి. ఇవతలి చివర నేను, అవతలి చివర రోడ్డు కూలీల్లో ఒకావిడ. మధ్యలో కొండ అడ్డం కాబట్టి ఒకరికొకరం కనపడం. అందుకే ఒక ఎర్ర కర్ర పెట్టారు. నేను వదిలిన బళ్ళలో ఆఖరి బండి డ్రైవరుకు కర్ర ఇవ్వాలి. అతను దాన్ని ఆవిడ చేతికిస్తాడు. కర్ర చేరిందంటే దారి ఖాళీ. అప్పుడు ఆవిడ తన వైపు బళ్ళు వదిలి, ఆఖరి దానితో కర్ర నాకు పంపుతుంది. ఇంత చదువూ ఇంత అనుభవమూ చివరికి ఒక కర్ర దగ్గర తేలాయి.

కంటి పరీక్ష వచ్చే నెలలో. అది గట్టెక్కితే మళ్ళీ స్టీరింగు. డిపోలో బస్సు గోడకు రాసుకున్నంత మాత్రాన కళ్ళు పోయాయంటారా? అసలు ఆ గోడ అక్కడ ఉండవలసింది కాదు.

ఇంట్లో ఈ మాటే అంటే మా ఆవిడ కుట్టుమిషను ఆపకుండానే "ఆడలేక మద్దెల ఓడు" అంది.

ఆగస్టు 4

మంచు.

ఆగస్టు 7

బండి ఆగితే మనిషి దిగుతాడు. దిగిన మనిషి ఊరుకోడు. ఇక్కడ రోడ్డు పక్కన ఏవో పూలున్నాయి. వాటి మీద పడతారు. పెళ్ళికి తోరణాలు కట్టాలన్నంత హడావుడిగా కోస్తారు. నేను పచ్చ గుడ్డ ఊపగానే పరుగున వచ్చి, తలుపు తీయడానికి చేతులు ఖాళీ లేక సగం అక్కడే పారేస్తారు. మిగతా సగం అవతలి మలుపులో.

కొండ అడ్డానికి ఒక్కోసారి మూగబోయే వాకీటాకీలో అవతలావిడ గొంతు వినిపించింది.

"అన్నా, మీ వైపు నుంచి గడ్డి బాగా వస్తోంది. ఒక గేదెను కూడా పంపితే సరిపోద్ది."

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. మొదటి వారమే చనువిస్తే నెత్తికెక్కుతారు.

నాకు పూల మీద ప్రేమా దోమా ఏమీ లేదు. నా గుడిసె ముందు చెత్త వేస్తే మాత్రం ఊరుకోను.

ఆగస్టు 10

బళ్ళు రాని వేళ ఏం చేయాలో తెలియక రక్షణ కమ్మీ దగ్గర గొంతుకూర్చుని చూశాను. ఊదా రంగువి, ఒకే కాడకు వరసగా వేలాడుతున్నాయి, బస్సులో కండక్టరు లాగే గంటల్లా. వాటికి గంటలని పేరు పెట్టాను. గుండ్రంగా పచ్చగా ఉన్నవి హెడ్‌లైట్లు. తెల్లగా పిసరంత ఉన్నవి టిక్కెట్టు ముక్కలు. అసలు పేర్లు వాటికి ఉండే ఉంటాయి. నా పేరు వాటికి తెలియదు, వాటి పేరు నాకు తెలియదు, లెక్క సరి.

ఈ ఊదా గంటలు కొత్తగా మొలిచినవా అని అవతలావిడను అడిగాను.

"నా చిన్నప్పటి నుంచీ ఉన్నాయన్నా. మీరు రోజూ ఈ దారినే కదా పోయేది?"

పోయేవాణ్ణే. కానీ డ్రైవరు రోడ్డు చూడాలి, పూలు కాదు. ఈ మలుపు తిప్పేటప్పుడల్లా వెనక నుంచి జనం "ఆహా" అనేవారు. అది నా డ్రైవింగుకనుకున్నాను. ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను.

ఆగస్టు 11

ఆ "ఆహా" సంగతి మా ఆవిడకు చెప్పాను. సూది పక్కన పెట్టి మరీ నవ్వింది.

ఆగస్టు 14

బావమరిది వచ్చాడు. డిపోలో మెకానిక్కు, అన్ని చోట్లా వాడికి మనుషులుంటారు. కంటి పరీక్షలో గోడకు తగిలించే అక్షరాల అట్ట ఉంటుంది కదా, అది వరసగా ఒక కాగితం మీద రాయించి తెచ్చాడు.

"బావా, ఎన్నేళ్ళయినా అదే అట్ట. బట్టీ పట్టెయ్. నీ కళ్ళకేం కాలేదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఊరికే ఎందుకు రిస్కు?"

నిజమే. కళ్ళకేం కాలేదు. పరీక్ష గదిలో వెలుతురు సరిగ్గా ఉండదు, కంగారుంటుంది. ఉన్న కళ్ళకు కాస్త సాయం, అంతే. మంచి పని కోసం చిన్న అబద్ధం అబద్ధం కిందకు రాదు.

పై వరస వచ్చేసింది: ప, గ, ర, మ.

ఆగస్టు 16

ఈ రోజు మంచు కాస్త విడింది. కమ్మీకి కుడివైపు దూరంగా, లోయ వాలులో నీలం పూల గుట్ట ఒకటి కనపడింది. అంత నీలం ఒక్కచోట నేనెప్పుడూ చూడలేదు. గాలికి మొత్తం ఒకేసారి కదులుతుంది. కాసేపు అలా చూస్తూనే ఉండిపోయాను. వెనక లారీవాడు హారను కొడితే గాని తెలివి రాలేదు.

అంత దూరం ఎవరూ దిగరు కాబట్టి బతికింది.

ఆగస్టు 19

మేకు, అట్ట ముక్క, రంగు డబ్బా తెచ్చి బోర్డు రాశాను. "ఇక్కడి పూలు కోయరాదు."

సాయంత్రానికి పూలు కోసేవాళ్ళు రెట్టింపయ్యారు. కారు దిగకుండా ఫోను చూసుకునే వాళ్ళు కూడా బోర్డు చదివి "పూలా? ఎక్కడ?" అంటూ దిగారు.

"దొంగకు తాళం చెవి ఇచ్చి ఇల్లు జాగ్రత్త అన్నట్టుందన్నా మీ బోర్డు," అంది అవతలావిడ.

ఆగస్టు 20

బోర్డు మార్చాను. "జాగ్రత్త. పాములున్నాయి."

ఒక్కడు దిగితే ఒట్టు. అద్దాలు కూడా పైకెత్తుకున్నారు. ఒక పెద్దమనిషి కారు లోపలే కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నాడు.

అబద్ధం ఎంత చక్కగా పని చేస్తుందో! నిజం రాస్తే వినని జనం.

అక్షరాలు మూడో వరస దాకా వచ్చాయి.

ఆగస్టు 25

మా ఆవిడ పొద్దుటి బస్సులో నాతో వచ్చింది. అన్నం డబ్బా ఇచ్చి వెళ్ళిపోతానంది గాని మధ్యాహ్నం దాకా కూర్చుంది. గుడిసెకు ముందున్న రాళ్ళకు తెల్ల రంగు వేశాను, అది చూసి "ఇంట్లో గోడలకు ఎప్పుడు?" అంది.

తర్వాత కమ్మీ పట్టుకుని కిందకు చూసింది.

"ఎంత బాగుందండీ! చీర ఆరేసినట్టు పరుచుకుంది."

"నీకూ కనపడిందా? నేను రోజూ అదే చూస్తాను."

"పెళ్ళయిన కొత్తలో మీ బస్సులో ముందు సీట్లో కూర్చుని ఇక్కడ ఒక్క నిమిషం ఆపమన్నాను. గుర్తుందా?"

"ఏమన్నాను?"

"బస్సు మీ పుట్టింటిదా అన్నారు."

గుర్తు లేదు. అని ఉంటాను. టైముకు చేరని బస్సు నా చేతుల్లో ఒక్కటీ లేదు.

ఆవిడ వెళ్ళేటప్పుడు నా చేతిలోని టీ గ్లాసు కాస్త పక్కకు జరిపి, ఫ్లాస్కు మూతి సరిగ్గా దాని మీదకు తిప్పింది.

ఆగస్టు 29

చిన్న గొడవ. గొడవంటే గొడవ కూడా కాదు.

మంచు దట్టంగా ఉంది. బళ్ళు వదిలాను, ఆఖరిగా వచ్చిన తెల్ల కారుకు కర్ర ఇచ్చాను. దాని వెనక బూడిద రంగు కారు ఇంకొకటి ఉందట. అది కూడా పోయింది. కర్ర చేరగానే అవతలావిడ తన లారీని వదిలింది. సగం రోడ్డు మీద, లోయ అంచున, లారీ కారూ ముక్కూ ముక్కూ ఆనించుకున్నాయి. ఎవరికీ ఏమీ కాలేదు. లారీ వెనక్కి వెళ్ళడానికే చాలాసేపు పట్టింది.

ఆవిడ నడుచుకుంటూ వచ్చింది.

"ఆఖరి బండి చూడకుండా కర్ర ఎట్లా ఇచ్చావన్నా?"

"మంచులో కనపడలేదమ్మా."

"మంచేంటన్నా? ఎండ మండిపోతుంటే!"

కొండల్లో వాతావరణం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ఆవిడ వైపు ఎండ, నా వైపు మంచు. ఉండకూడదా?

బూడిద రంగు కార్లను అసలు తయారు చేయకూడదు.

ఆగస్టు 30

ఎండ మండిపోతుంటే, అంది.

సెప్టెంబరు 2

ఈ డైరీలో గీతలు మరీ దగ్గరగా కొట్టారు. రెండు గీతలు వదిలి పెద్ద అక్షరాలు రాస్తున్నాను. కాగితం ఎలాగూ ఉంది.

ఇప్పుడు బళ్ళ వరస చివరిదాకా నడిచి, ఆఖరి బండిని చేత్తో తట్టి కర్ర ఇస్తున్నాను. ఎందుకంటే పద్ధతిగా చేయాలని, అంతే.

నడుస్తుంటే పూలు దగ్గరగా కనపడతాయి. గంటల్లోపల మెడ దగ్గర సన్నటి తెల్ల గీతలున్నాయి, రోడ్డు మధ్య గీతల్లా. తేనెటీగ ఆ గీతల మీదే లోపలికి పోతుంది. అది కూడా లైను తప్పదు. ఈ సంగతి ఎవరికైనా చెప్పాలనిపించింది. లారీ డ్రైవరొకడికి చెప్పాను. "పాములున్నాయని రాశారు, మీరు తల పెట్టి చూస్తున్నారేంటి?" అన్నాడు.

సెప్టెంబరు 5

బట్టీ పూర్తయింది. నిద్రలో వల్లిస్తున్నానట. "పగరమ పగరమ అని ఎవర్ని తిడుతున్నారు?" అంది మా ఆవిడ. డ్రైవర్ల సంఘం పాట అన్నాను.

సెప్టెంబరు 9

ఈ రోజు నిజంగా ఒక పని చేశాను.

రోడ్డు బాగు చేసే మేస్త్రి తవ్వే బండితో వచ్చాడు. కొండ మీద నుంచి జారిన మట్టి, రాళ్ళు అన్నీ ఎత్తి లోయ వాలులో పోయాలి. ఎక్కడ పోస్తావని అడిగాను. కమ్మీ అవతల, పెద్ద వాలంతా ఉందిగా అన్నాడు. ఆ నీలం గుట్ట కూడా ఆ వాలులోనే.

"పూలున్నాయి, పోయడానికి వీల్లేదు," అన్నాను.

"పూలకు అడ్డం పడేదేంటి పెద్దాయనా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

మాటా మాటా పెరిగింది. నేను కర్ర పట్టుకుని అడ్డంగా నిలబడ్డాను. బస్సు నడిపేటప్పుడు కూడా నా గొంతు అంత లేవలేదు. చివరికి వాడే తగ్గాడు. చెడ్డవాడు కాదు.

"మొత్తం వాలు వదలడం నా వల్ల కాదు. మట్టి ఎక్కడో చోట పోయాలి. ఎక్కడ వద్దో చెప్పండి, అక్కడ వదిలేస్తా."

దూరంగా నీలం గుట్ట వైపు వేలు చూపించాను.

"అదిగో. దాని మీద ఒక్క పెళ్ళ పడడానికి వీల్లేదు."

"ఆ నీలందా?"

"అదే."

"అది వదిలితే చాలా?"

"చాలు."

వాడు దానివైపు చూశాడు, నావైపు చూశాడు. "మీదేనా అది?" అన్నాడు.

"నాదే అనుకో."

"సరే, మీ ఇష్టం. దాని జోలికి పోను," అని మాటిచ్చాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా. సాయంత్రం వరకు మట్టి పోశాడు. నీలం చెక్కుచెదరలేదు, అలాగే ఉంది.

ఇంటికి వెళ్ళి మా ఆవిడకు చెప్పాను, కంటికి రెప్పలా కాపాడానని. చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

సెప్టెంబరు 10

ఎలా రాయాలి.

పొద్దున్నే అవతలావిడ తన జెండాలు ఇంకో కూలీకిచ్చి, ఒక కారెక్కి ఇటు వచ్చింది. దిగి నేరుగా కమ్మీ దగ్గరకు పోయి నిలబడింది. ఏడుస్తోందని దగ్గరకు వెళ్ళాకే తెలిసింది.

"మొత్తం పోయాయన్నా."

"ఏం పోయాయి?"

"గంటలన్నా. వాలంతా పరుచుకుని ఉండేవే, మొత్తం మట్టి కిందకు పోయాయి. మీరు ఇక్కడే ఉన్నారు కదా, ఎట్లా పొయ్యనిచ్చారు?"

గంటలు వాలంతా ఉండేవని నాకు తెలియదు. నా గుడిసె ముందు కమ్మీ వారగా ఉన్న గుప్పెడే నాకు తెలుసు. కింద వాలు నాకు మొదటి రోజు నుంచీ బూడిద రంగే.

"నీలం పూలు కాపాడానమ్మా," అన్నాను. "అవిగో, ఆ గుట్ట."

నా వేలు వెంట చూసింది, మళ్ళీ నా ముఖం చూసింది.

"అన్నా," అంది, చిన్నపిల్లకు చెప్పినట్టు మెల్లగా. "అది పట్టా అన్నా. సిమెంటు లారీ మీద నుంచి వానల్లో ఎగిరిపోయిన పట్టా."

నేను నమ్మలేదు. ఆవిడకు కర్ర అప్పజెప్పి వాలులోకి దిగాను. ఆవిడ వద్దన్నా దిగాను, కాళ్ళతో కాదు, సగం చేతులతో. దగ్గరకు వెళ్ళే కొద్దీ పూలు కలిసిపోయి ఒకటే ముక్కయ్యాయి. చేయి వేసి చూశాను. నీలం ప్లాస్టిక్ పట్టా. మూల తాడు ఒక రాయికి చిక్కుకుంది, అందుకే గాలికి మొత్తం ఒకేసారి లేచి పడుతోంది. మధ్యలో వాననీరు నిలిచి ఉంది.

దాని పక్కనే కూర్చున్నాను. అక్కడి నుంచి పైకి చూస్తే మేస్త్రి పోసిన మట్టి కనపడింది. చేతికందే అంచున ఒకటి రెండు కాడలు బయటకు వంగి ఉన్నాయి, వాటి మీద ఇంకా ఊదా రంగు ఉంది.

మేస్త్రిది తప్పు లేదు. ఎక్కడ వద్దో చెప్పమన్నాడు. చెప్పింది నేను.

సెప్టెంబరు 11

పైన రాసినవన్నీ మళ్ళీ చదివాను. ఎన్నిసార్లు మంచు అని రాశానో.

సెప్టెంబరు 12

ఏమీ లేదు.

సెప్టెంబరు 14

మా ఆవిడకు చెప్పాను. కుట్టుమిషను ఆగాక చెప్పాను. డిపో గోడ నాకు కనపడలేదు. బూడిద రంగు కారు కనపడలేదు. పట్టా పూలలా కనపడింది. కిందటేడు నుంచే దూరాన్నుంచి వచ్చే బళ్ళను చూసి కాదు, చప్పుడు విని పక్కకు తప్పుకుంటున్నాను. అన్నీ చెప్పాను. అక్షరాల అట్ట సంగతి కూడా.

"తెలుసు," అంది.

"ఎప్పటి నుంచి?"

"మీరు టీ గ్లాసు పక్కన పోయడం మొదలుపెట్టినప్పటి నుంచి."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"మీ కళ్ళ గురించి మీకు నేను చెప్పాలా? మీరే చెప్తారని చూస్తున్నా. పరీక్ష ముందు రోజు దాకా చూసేదాన్ని. అప్పటికీ చెప్పకపోతే నేనే డాక్టరు దగ్గరకు వచ్చేదాన్ని."

కోపం రావాల్సింది. రాలేదు. నాకు భయమేస్తోందని చెప్పాను. పెళ్ళయ్యాక ఆవిడతో ఆ మాట అనడం ఇదే మొదలు. దగ్గరకు వచ్చి కూర్చుంది. దారం కత్తిరించే కత్తెర ఇంకా చేతిలోనే ఉంది.

బస్సు నిండా జనం ఉండేవారు. ఘాటీ ఎక్కేటప్పుడు ముందు సీట్ల వాళ్ళు నా వీపు చూసుకుని ధైర్యంగా నిద్రపోయేవారు.

సెప్టెంబరు 17

బావమరిది ఫోను. "రేపే కదా బావా, ఒకసారి అప్పజెప్పు విందాం." అప్పజెప్పాను. ఒక్క అక్షరం తప్పలేదు. "నువ్వు మళ్ళీ బస్సెక్కినట్టే!" అన్నాడు.

వాడికి చెప్పే ధైర్యం రాలేదు. నిజానికి రేపు ఏం చేస్తానో నాకే తెలియదు. ఉద్యోగం, ఖాకీ చొక్కా, పొద్దున్నే ఇంజను వేడెక్కే చప్పుడు. అవన్నీ నాలుగు వరసల అక్షరాల దూరంలో ఉన్నాయి. నోరు తెరిస్తే చాలు.

సెప్టెంబరు 18

కుర్చీలో కూర్చోబెట్టారు. ఎదురుగా గోడ, గోడ మీద తెల్లటి అట్ట, దాని మీద నల్లగా ఏదో ఉంది. చీమల బారనుకోవచ్చు, పూల మొక్కలనుకోవచ్చు.

"పై నుంచి చదవండి," అంది డాక్టరు. చిన్నవయసు అమ్మాయి.

ప, గ, ర, మ. నోటి దాకా వచ్చాయి. ఆ పట్టా మీద చేయి వేసినప్పుడు చల్లగా తగలడం ఒక్కసారిగా గుర్తొచ్చింది.

"డాక్టరమ్మా, చదవమంటే ఆఖరి వరస దాకా చదివేస్తాను. కానీ కళ్ళతో కాదు."

ఆవిడకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక నవ్వలేదు, తిట్టలేదు. దీపం ఆర్పి, కంట్లోకి లైటు వేసి చాలాసేపు చూసింది.

కంటి నరం దెబ్బతిందట. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది పోకుండా చుక్కల మందుతో కాపాడుకోవచ్చు. దగ్గరవి కనపడతాయి, రాయడం చదవడం చేసుకోవచ్చు. బండి నడపడం మాత్రం ఇక లేదు, మోపెడ్ కూడా.

బయట బెంచీ మీద మా ఆవిడ. చెప్పాను.

"గుడ్డి కన్నా మెల్ల నయం," అంది. ఇద్దరం ఆ సామెతకు నవ్వాం. తర్వాత ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని నేను ఏడ్చాను. జనం చూస్తే చూశారు.

సెప్టెంబరు 19

బావమరిది మాట్లాడటం లేదు. ఎవర్నో బతిమాలి అక్షరాలు తెస్తే బూడిదలో పోశానట. పోసింది బూడిద రంగు కారులో అందామనుకున్నాను, ఊరుకున్నాను. మళ్ళీ వాడే వస్తాడు.

సెప్టెంబరు 23

పాముల బోర్డు పీకేశాను. పాములు లేవు.

జనం మళ్ళీ దిగుతున్నారు. ఇప్పుడు నేనే బళ్ళ పక్కన నడుస్తూ చెప్తున్నాను. రండి, ఇలా కూర్చుని చూడండి, లోపల తెల్ల గీతలున్నాయి, తేనెటీగ లైను తప్పకుండా పోతుంది చూడండి. గొంతుకూర్చుని చూసినవాడు ఎందుకో కోయడు. అందరూ కాదు, ఒకాయన అంతా విని, తలూపి, పెద్ద గుత్తి కోసుకుని పోయాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు, ఇక్కడ తిరగబడింది.

అక్టోబరు 15

రోడ్డు బాగైంది. రేపటి నుంచి జెండాలు అక్కర్లేదు.

గుడిసె ముందు మిగిలిన గుప్పెడు గంటలు ఎండి కాయలయ్యాయి. విత్తనాలు ముదరకముందే కోయకూడదని అవతలావిడ ఇన్నాళ్ళూ ఆపింది. ఈ రోజు సరే అంది. ఆవిడ, నేను, మా ఆవిడ ముగ్గురం వాలులోకి దిగాం. ముందు పట్టా లాగేశాం. నీళ్ళతో బరువెక్కి ఉంది, ముగ్గురికీ తాతలు దిగొచ్చారు. దాని కింద నేల పాలిపోయి, మెత్తగా, గడ్డి పరక లేకుండా ఉంది.

"ఇన్నాళ్ళు కాపాడావు కదన్నా, ఖాళీ జాగా అన్నా మిగిల్చావు," అంది అవతలావిడ.

నన్ను ఎత్తిపొడవడానికే అంది. కానీ నిజం. మేస్త్రి మాట నిలబెట్టుకోబట్టే అక్కడ ఒక్క రాయి లేదు.

కాయలు నలిపి అక్కడ చల్లాం. విత్తనాలు మిరియం పొడి కన్నా సన్నం. నా అరచేతిలో పోసుకుని కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాను. కనపడ్డాయి.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే ఇది. పట్టుకున్నాను.

నవంబరు 4

డిపోలో మైకు ముందు కూర్చోబెట్టారు. ఏ బస్సు ఎక్కడ ఆగిందో, ఎప్పుడు బయల్దేరుతుందో చెప్పాలి. అద్దాల గది, తిరిగే కుర్చీ. స్టీరింగు లేదు కాబట్టి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. మొదటి రోజు గొంతు సరిగ్గా రాలేదు.

కొండ దారి బస్సు బయల్దేరేటప్పుడు ఎవరూ అడగకుండానే ఒక మాట కలిపాను. "పెద్ద మలుపు దగ్గర ఎడమ వైపు కిటికీల వాళ్ళు కిందకు చూడండి."

మేనేజరు పిలిచి, అక్కడేముంది చూడటానికి అన్నాడు. ఇంకా ఏమీ లేదండీ అన్నాను.

జూలై 20

చుక్కల మందు వేసుకుంటున్నాను. ఉన్నది ఉంది.

వానలు బాగా పడ్డాయి.

ఆగస్టు 26

సెలవు పెట్టి కొండ దారి బస్సెక్కాం. ముందు సీటు, కిటికీ వైపు మా ఆవిడ. డ్రైవరు కొత్తవాడు, మలుపులు మెత్తగా తిప్పుతున్నాడు. పెద్ద మలుపు తిరగగానే వెనక జనం "ఆహా" అన్నారు. ఈసారి ఎవరికో నాకు తెలుసు.

"ఒక్క నిమిషం ఆపు బాబూ," అన్నాను.

వాడు అద్దంలో నావైపు చూసి, "టైమైపోతోంది, బస్సు మీ ..." అనబోయి, నన్ను గుర్తుపట్టి మాటా బస్సూ రెండూ ఆపేశాడు. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కమ్మీ దగ్గర నిలబడ్డాం. మేస్త్రి మట్టి మీద గడ్డి మొలిచిందట, అక్కడక్కడ హెడ్‌లైట్లు ఉన్నాయట.

"మరి అక్కడ?" అన్నాను.

"ఉన్నాయండీ. పట్టా ఉన్న చోట, సరిగ్గా ఆ మేర. ఊదాగా ఉన్నాయి."

నాకు మసక ఊదా రంగు ఒకటి కనపడింది. గాలికి కదులుతోంది. కానీ ఒకప్పుడు నీలం కూడా అలాగే కదిలింది. ఆవిడ చెప్పినా, నా కళ్ళు చెప్పినా నమ్మదలుచుకోలేదు. ఆవిడ చేయి పట్టుకుని మెల్లగా వాలు దిగాను. బస్సు జనం కిటికీల్లోంచి చూస్తున్నారు. డ్రైవరు హారను కొట్టలేదు.

దగ్గరకు వెళ్ళే కొద్దీ ఆ రంగు విడివిడి కాడలైంది. గొంతుకూర్చుని ఒక్కటి వేళ్ళతో పట్టుకుని చూశాను. తడిగా ఉంది, మెత్తగా ఉంది. లోపల తెల్ల గీతలున్నాయి.

కోయలేదు. వదిలేసి లేచాను.